అమెరికాలో బధిరులకు వీడియోఫోన్, రిలే సర్వీసు: ఏది ముందు, ఏది వెనక

యాప్ వేసుకున్నాం, లాగిన్ అయ్యాం, అయినా కాల్ సరిగ్గా నడవట్లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు పదే పదే అడిగే మాట ఇది. చాలామంది మొదట చేసే పని యాప్ తీసేసి మళ్లీ వేయడం. దానివల్ల బాగయ్యేవి తక్కువ. లోపం ఎక్కువగా నమోదులో రాసిన పేరులోనో, ఇంటి రౌటర్‌లోనో, ముఖం మీద పడే వెలుతురులోనో ఉంటుంది.

వీడియో రిలే సర్వీసుని అందరూ వీఆర్ఎస్ అంటారు. బధిర వ్యక్తి వీడియోలో సైగ చేస్తే ఇంటర్‌ప్రెటర్ దాన్ని మాటగా అవతలివారికి వినిపిస్తారు. అవతలివారు మాట్లాడింది సైగల్లో చూపిస్తారు. రోజంతా నడుస్తుంది, వాడేవారికి పైసా ఖర్చు లేదు. ఖర్చు టీఆర్ఎస్ ఫండ్ (రిలే సర్వీసుల కోసం ఉన్న నిధి) భరిస్తుంది, నియమాలు ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) పెడుతుంది. ఆ నియమాలు తెలియకపోవడం వల్లే సగం చిక్కులు.

1. అన్నిటికంటే ముందు భాష తేల్చుకోండి

వీఆర్ఎస్‌లో నడిచేది ఏఎస్ఎల్, అంటే అమెరికన్ సైగభాష. ఇంటర్‌ప్రెటర్ ఏఎస్ఎల్ నుంచి ఇంగ్లిష్‌లోకి, కొన్నిచోట్ల స్పానిష్‌లోకి మారుస్తారు. తెలుగు లేదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బధిరుల బడిలో చదివి వచ్చినవారికి వచ్చేది ఇండియన్ సైగభాష. రెండూ వేర్వేరు భాషలు. అక్షరాలు చూపించే పద్ధతే వేరు: ఏఎస్ఎల్‌లో ఒక్క చేత్తో, ఇండియన్ సైగభాషలో ఎక్కువగా రెండు చేతులతో. కొత్తగా వచ్చిన కోడలికో అల్లుడికో ఇంటర్‌ప్రెటర్ సైగలు అర్థం కాకపోతే అది తెలివితక్కువతనం కాదు. తెలుగు వచ్చినవారికి తమిళంలో ఫోన్ వస్తే ఎలా ఉంటుందో అదీ అలాగే.

ఎవరికి ఏది కుదురుతుందో చూడండి:

- ఏఎస్ఎల్ బాగా వచ్చు: వీఆర్ఎస్.
- ఏఎస్ఎల్ రాదు, ఇంగ్లిష్ చదవడం రాయడం వచ్చు: ఐపీ రిలే. మీరు టైప్ చేస్తారు, అవతలి మాట అక్షరాల్లో వస్తుంది.
- నోటితో మాట్లాడగలరు, వినికిడి బాగా తగ్గింది: క్యాప్షన్ ఫోన్. అవతలివారి గొంతు వింటూనే మాటలు స్క్రీన్ మీద చదువుకోవచ్చు. తెలుగు మాటలకి తెలుగు క్యాప్షన్ వస్తుందని మాత్రం ఆశపడకండి.
- మాట్లాడగలరు, ఏఎస్ఎల్ చదవగలరు, కానీ అసలు వినబడదు: వీఆర్ఎస్‌లోనే వీసీఓ పద్ధతి. మీ గొంతు నేరుగా అవతలికి వెళ్తుంది, జవాబు సైగల్లో వస్తుంది. యాప్ సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసుకోవాలి.
- ఇవేవీ కుదరకపోతే: ఐఫోన్‌లోనూ కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉండే ఆర్‌టీటీ. టైప్ చేసిన ప్రతి అక్షరం అప్పటికప్పుడే అవతలికి కనిపిస్తుంది. దాంతో 711కి కాల్ చేస్తే టెక్స్ట్ రిలే దొరుకుతుంది.

ఏఎస్ఎల్ ఇంకా నేర్చుకుంటున్నవారు ఐపీ రిలేతో మొదలుపెట్టి, ఆర్నెల్లకో ఏడాదికో వీఆర్ఎస్‌కి మారడం మంచిదని మా అభిప్రాయం. సగం అర్థమయ్యే కాల్‌లో బ్యాంకు పని పెట్టుకుంటే నష్టపోయేది మీరే.

2. నమోదుకి కాగితాలు సిద్ధం చేసుకోండి

వీఆర్ఎస్ వాడేవారందరి వివరాలూ ఒకే జాతీయ డేటాబేస్‌లోకి వెళ్తాయి. ప్రొవైడర్ (సర్వీసు ఇచ్చే కంపెనీ) అడిగేవి ఇవి:

- పూర్తి పేరు
- ఇప్పుడు ఉంటున్న అమెరికా చిరునామా
- పుట్టిన తేదీ
- సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి 4 అంకెలు
- వినికిడి లోపం ఉందని, ఫోన్ వాడటానికి ఈ సర్వీసు అవసరమని మీ సొంత ధ్రువీకరణ
- 911 (అత్యవసర నంబర్) కోసం చిరునామా

తెలుగువారి దరఖాస్తులు ఎక్కువగా పేరు దగ్గరే తిరిగొస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక వరసలో, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో వరసలో ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. కొందరి అమెరికా కాగితాల్లో మొదటి పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు అని) పడి ఉంటుంది. బ్యాంకులో ఒక్క ఇనీషియల్, ఆఫీసులో పూర్తి పేరు. తనిఖీ చేసేది కంప్యూటర్. దానికి 'కె. రాజు', 'రాజు కొమ్మినేని' ఒకే మనిషని తెలియదు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి.

తరవాతి గండం తేదీ. ఇక్కడ నెల ముందు, రోజు తరవాత. జూలై 4న పుట్టినవారు అలవాటుగా 04/07 అని రాస్తే ఏప్రిల్ 7 అయి కూర్చుంటుంది. ఫారం ఏ తప్పూ చూపించదు. కొన్ని రోజుల తరవాత సరిపోలలేదని మెయిల్ వస్తుంది.

హెచ్-4 మీద ఉండి పని అనుమతి లేనివారికి సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు. అలాంటప్పుడు గడి ఖాళీగా వదిలేయడం, భర్తదో భార్యదో నంబర్ రాసేయడం చేయకండి. ఇంకొకరి నంబర్ రాయడం తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. ముందు ప్రొవైడర్ కస్టమర్ సర్వీసుకి రాసి, నంబర్ లేనివారి గుర్తింపుకి ఏ పత్రాలు తీసుకుంటారో అడగండి. విజిటర్ వీసా మీద నాలుగు నెలలకి వచ్చిన తల్లిదండ్రుల పేరు మీద నమోదుకి దిగకండి. ఈ సర్వీసు ఇక్కడ నివసించేవారి కోసం.

పిల్లల పేరు మీద చేస్తుంటే సమ్మతి తల్లో తండ్రో ఇవ్వాలి. వినికిడి ఉండి ఏఎస్ఎల్ వచ్చిన తోబుట్టువులకి, తల్లిదండ్రులకి కూడా నంబర్ ఇస్తారు. అయితే వారు దాంతో నేరు వీడియో కాల్ మాత్రమే చేసుకోవచ్చు. ఇంటర్‌ప్రెటర్‌ని పిలవడం కుదరదు.

3. ప్రొవైడర్, పది అంకెల నంబర్

సోరెన్సన్, జెడ్‌వీఆర్ఎస్, పర్పుల్, కాన్వో, వీటి పేర్లే ఎక్కువగా వినబడతాయి. ఏదైనా ఒకదాన్ని డిఫాల్ట్ ప్రొవైడర్‌గా ఎంచుకుంటే మామూలు ఫోన్ నంబర్ లాంటి పది అంకెల నంబర్ ఇస్తారు. వినగలిగినవారు ఏ ఫోన్ నుంచైనా ఆ నంబర్ కొడితే ఇంటర్‌ప్రెటర్ వారంతట వారే మధ్యలోకి వస్తారు.

పరికరాల పొంతన గురించి తెలుసుకోవాల్సింది ఇంతే:

ఇద్దరు బధిరులు వేర్వేరు ప్రొవైడర్ల దగ్గర ఉన్నా పది అంకెలు కొట్టి నేరుగా వీడియోలో మాట్లాడుకోవచ్చు. ఒకరి యాప్ ఇంకొకరి వీడియోఫోన్‌తో కలవాల్సిందేనని నియమం. ఈ కాల్‌లో ఇంటర్‌ప్రెటర్ ఉండరు.

డిఫాల్ట్ ప్రొవైడర్ దగ్గర రద్దీగా ఉంటే ఇంకో ప్రొవైడర్ ఇంటర్‌ప్రెటర్ ద్వారా కూడా కాల్ చేయవచ్చు. నంబర్ మారదు. నెల మొత్తంలో 80 శాతం కాల్స్‌కి 120 సెకన్లలోపు జవాబు ఇవ్వాలన్నది ప్రొవైడర్ల మీద ఉన్న నియమం. మీకు రోజూ ఐదారు నిమిషాలు పడుతుంటే తేడా ఎక్కడో వెతకాల్సిందే.

వాట్సాప్ వీడియో, ఫేస్‌టైమ్ ఈ నంబర్‌తో కలవవు. నంబర్ ఇచ్చేటప్పుడు బంధువులకి ఈ మాట చెప్పండి. లేకపోతే "వాట్సాప్‌లో చూశాం, నీ నంబర్ లేదంటోంది" అని వారం తరవాత మెసేజ్ వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. బ్యాంకుల ఓటీపీ మెసేజ్‌లు ఈ నంబర్‌కి చాలాసార్లు రావు. ఓటీపీకి మామూలు మొబైల్ నంబర్, మాట్లాడటానికి వీఆర్ఎస్ నంబర్, రెండూ విడివిడిగా రాయించండి.

4. పరికరం

పరికరం కొనడానికి తొందరపడకండి. టీవీకి తగిలించే వీడియోఫోన్‌ని ప్రొవైడర్లే అర్హులకి ఉచితంగా ఇస్తారు. ఫోన్, టాబ్లెట్, కంప్యూటర్ యాప్‌లు ఎలాగూ ఉచితమే.

ఇంట్లో పెద్దవారికి టీవీ వీడియోఫోన్ మేలు. స్క్రీన్ పెద్దది, కెమెరా కదలదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బయట తిరిగేవారికి ఫోన్ యాప్. ఫోన్ చేత్తో పట్టుకుంటే సైగకి ఒక్క చెయ్యే మిగులుతుంది, ఇంటర్‌ప్రెటర్‌కి సగం మాటలు తప్పిపోతాయి. ఓ చిన్న స్టాండ్ పర్సులో పడేసుకోండి.

5. ఇంటి ఇంటర్నెట్

ఇంటర్నెట్ కంపెనీ చెప్పే పెద్ద అంకె డౌన్‌లోడ్ వేగం. సైగకి కావలసింది అప్‌లోడ్. మీ చేతులు అవతలికి వెళ్లేది ఆ దారిలోనే. కేబుల్ కనెక్షన్లలో 300 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉన్నా అప్‌లోడ్ 10 దాటకపోవచ్చు. ఆ పదీ ఎవరో ఒకరి ఫోటోల బ్యాకప్ తినేస్తుంటుంది.

కాల్ చేసే చోటే, కాల్ చేసే పరికరంలోనే, సాయంత్రం ఎనిమిది ప్రాంతంలో స్పీడ్ టెస్ట్ చేయండి. చూడాల్సినవి:

- అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఒక్కో కాల్‌కి కనీసం 2 ఎంబీపీఎస్ ఖాళీగా
- ప్యాకెట్ లాస్ (దారిలో తప్పిపోయే డేటా) 1 శాతం లోపు
- జిట్టర్ (డేటా చేరే సమయంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు

సైగ సాఫీగా అర్థం కావాలంటే సెకనుకి కనీసం 20 ఫ్రేములు కావాలి. అంతకంటే తగ్గితే వేళ్లతో అక్షరాలు చూపించేటప్పుడు మధ్యలో రెండు మూడు ఎగిరిపోతాయి. బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా సరే.

రౌటర్‌లో చేయాల్సినవి, ఈ వరసలోనే:

ఒకటి, వీలైతే కేబుల్ పెట్టండి. టీవీ వీడియోఫోన్‌కి వైఫై కంటే 5 అడుగుల ఈథర్‌నెట్ కేబుల్ నమ్మదగినది. వైఫై తప్పదంటే 5 గిగాహెర్ట్జ్ వాడండి. 2.4 మీద మైక్రోవేవ్ ఓవెన్ తిరిగినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది.

రెండు, రౌటర్ సెట్టింగ్స్‌లో 'సిప్ ఏఎల్‌జీ' అనేది కనిపిస్తే ఆపేయండి. వీడియోఫోన్లు కాల్ కలపడానికి సిప్ పద్ధతి వాడతాయి. దానికి సాయం చేద్దామని రౌటర్ ఆ సందేశాల్లో చిరునామాలు మారుస్తుంది. సాయం కాస్తా చెరుపు అవుతుంది.

మూడు, రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయేమో చూడండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్‌లోనూ రౌటర్ ఉంటుంది, మీరు కొన్న మెష్ వైఫై ఇంకో రౌటర్. మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి, అంటే దానిలోని రౌటర్ పని ఆపేయండి.

నాలుగు, వీడియోఫోన్‌ని గెస్ట్ వైఫైలో పెట్టకండి.

లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో ఇలా కనిపెట్టవచ్చు:

కాల్ కలిసి, ప్రతిసారీ సుమారు 32 సెకన్లకే తెగిపోతుంటే నెట్ వేగాన్ని తిట్టుకోకండి. కాల్ అందిందని పంపే రశీదు సందేశం అవతలికి చేరడం లేదు. సిప్‌లో ఆ రశీదు కోసం ఎదురుచూసే గడువు 32 సెకన్లు. సిప్ ఏఎల్‌జీ, రెండు రౌటర్లు, ఈ రెండింటిలో ఒకటి కారణమై ఉంటుంది.

ప్రతిసారీ 15 నిమిషాలకో 30 నిమిషాలకో తెగితే అది సెషన్ టైమర్. కాల్ బతికే ఉందా అని మధ్యలో వచ్చే సందేశాన్ని ఫైర్‌వాల్ ఆపేస్తోంది.

మీరు చేసే కాల్స్ వెళ్తాయి, వచ్చే కాల్స్ మాత్రం మోగవు: ఫోన్ అయితే బ్యాటరీ పొదుపు సెట్టింగ్ యాప్‌ని నిద్రపుచ్చుతోంది. యాప్‌కి 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఇవ్వండి. టీవీ వీడియోఫోన్ అయితే కాల్స్ లోపలికి వచ్చే దారిని రౌటర్ తొందరగా మూసేస్తోంది. ప్రొవైడర్ టెక్నీషియన్‌కి సరిగ్గా ఈ మాటే చెప్పండి, పని తొందరగా అవుతుంది.

వారు మీకు కనిపిస్తారు, మీరు వారికి కనిపించరు: ముందు కెమెరా మూత, తరవాత యాప్‌కి కెమెరా అనుమతి, ఆ తరవాతే రౌటర్. మూత చూడకుండా రౌటర్ రీసెట్ చేసినవారు తక్కువేం కాదు.

మొబైల్ డేటా మీద అయితే 1 ఎంబీపీఎస్ కాల్‌కి అటూ ఇటూ కలిపి గంటకి సుమారు 900 ఎంబీ ఖర్చవుతుంది.

6. వెలుతురు, కెమెరా, బట్టలు

"నెట్ బాగోలేదు" అనుకునే కాల్స్‌లో చాలా వాటికి అసలు కారణం చీకటి గది. వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు కాంతి పట్టుకుంటుంది. దాంతో ఫ్రేములు తగ్గుతాయి, కదిలే చేతులు పొగలా కనిపిస్తాయి. ముఖం నిలకడగా ఉంటుంది కాబట్టి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, వేళ్లు మాత్రం కలిసిపోతాయి. నెట్ తేడా అయితే ముఖం కూడా గళ్లుగా విరుగుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం తంటా తీరుతుంది.

- దీపం మీ ముందు, కొంచెం పక్కగా, కళ్ల కంటే ఎత్తులో. ఒకటి కంటే రెండు వైపులా రెండు ఉంటే ముఖం మీద నీడ పడదు.
- కిటికీ వెనక ఉండకూడదు. ఉంటే కర్టెన్ వేయండి.
- కెమెరా ఛాతీ ఎత్తు నుంచి కళ్ల ఎత్తు మధ్య. టీవీ పైన పెట్టి కిందికి వంచితే చేతులు పొట్టిగా కనిపిస్తాయి.
- తల మీద నాలుగు వేళ్ల ఖాళీ, కింద నడుము దాకా. రెండు మోచేతులూ ఫ్రేములో.
- దూరం టీవీకి 5 నుంచి 6 అడుగులు, టాబ్లెట్‌కి 2 నుంచి 3.
- వెనక గోడ ఖాళీగా. దేవుడి పటాల మీద మెరిసే సీరియల్ బల్బులు ఆపేయండి. కెమెరా వాటినీ కదలికగానే లెక్కేసి డేటా వాటికి పెడుతుంది.
- బట్టలు ఒకే రంగు, ఒంటి రంగుకి భిన్నంగా. చామనఛాయవారికి లేత నీలం, బూడిద రంగు బాగుంటాయి. గాజులు, మెరిసే వాచీ తీసేస్తే వేళ్లు ఇంకా స్పష్టంగా ఉంటాయి.

ఇండియా నుంచి తెచ్చిన వెబ్‌కామ్‌లో అడ్డగీతలు కదులుతూ కనిపిస్తే అది పాడవలేదు. అక్కడి కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. కెమెరా సెట్టింగ్స్‌లో 'యాంటీ ఫ్లికర్' ని 60కి మార్చండి.

7. కాల్ వచ్చినట్టు తెలియాలి

మోత వినబడదు కాబట్టి వెలుగుతోనో వణుకుతోనో తెలియాలి. వీడియోఫోన్‌కి కలిసే ఫ్లాషర్ (కాల్ వస్తే మెరిసే దీపం) ఏదో ప్రొవైడర్‌ని అడగండి. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి కావాలి. ఫోన్‌లో అయితే నోటిఫికేషన్ లైట్, వాచీ వణుకు రెండూ ఆన్ చేయండి. 'డు నాట్ డిస్టర్బ్' నుంచి వీఆర్ఎస్ యాప్‌ని మినహాయించండి.

8. 911: ఇక్కడ తప్పు చేయకండి

వీఆర్ఎస్ నుంచి 911 కొడితే వరసలో ఉన్న కాల్స్ అన్నిటికంటే ముందు మీకే ఇంటర్‌ప్రెటర్ వస్తారు. కాల్ ఏ ఊరి 911 కేంద్రానికి వెళ్లాలన్నది చాలావరకు మీరు నమోదు చేసిన చిరునామా మీద ఆధారపడుతుంది. ఇల్లు మారి చిరునామా మార్చకపోతే అంబులెన్స్ పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లే ప్రమాదం ఉంది.

- ఇల్లు మారిన రోజే యాప్‌లో 911 చిరునామా మార్చండి. అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా.
- బిల్లింగ్ చిరునామా, 911 చిరునామా వేర్వేరు గడులు. ఒకటి మారిస్తే రెండోది దానంతట అది మారదు.
- ఒకే యాప్ ఇంట్లోనూ ఊళ్లోనూ వాడేవారు కాల్ కలవగానే ఉన్న చోటు ముందు చెప్పండి.
- పరీక్ష కోసం 911 కొట్టకండి. చిరునామా సెట్టింగ్స్‌లో చూసుకుంటే చాలు.
- కరెంటు పోతే రౌటర్ పోతుంది, వీడియోఫోన్ పోతుంది. మీ కౌంటీలో 911కి మెసేజ్ పంపే వీలుందో ముందే తెలుసుకుని ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

9. మొదటి కాల్స్ ఈ వరసలో

మొదటి కాల్ బ్యాంకుకో ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకో చేయకండి. ముందు ఇంకో ప్రొవైడర్ దగ్గరున్న బధిర స్నేహితులకి నేరు వీడియో కాల్ చేయండి. నెట్, వెలుతురు రెండూ దీంతో తేలిపోతాయి. తరవాత ఇంగ్లిష్ మాట్లాడే మీ ఇంటివారి మొబైల్‌కి ఇంటర్‌ప్రెటర్‌తో ఓ కాల్. ఆ తరవాత వారి నుంచి మీకు ఓ కాల్. మూడూ కుదిరాక చిన్న పని ఏదైనా: పిజ్జా ఆర్డరో, పళ్ల డాక్టర్ అపాయింట్‌మెంటో.

కాల్‌కి ముందు పేర్లు, చిరునామా, మందుల పేర్లు యాప్‌లో టెక్స్ట్‌గా రాసి పెట్టుకోండి. వెంకట సత్యనారాయణ అనే పేరుని ఇంగ్లిష్‌లో వేళ్లతో చూపించాలంటే 20 అక్షరాలు. ఇంటర్‌ప్రెటర్‌కి అది మొదటిసారి, మధ్యలో ఓ అక్షరం తప్పితే మళ్లీ మొదటికి. కాల్ మొదలవగానే టెక్స్ట్ పంపేస్తే ఆ తిప్పలు ఉండవు.

వినగలిగే ఇంటివారికి నేర్పాల్సిన మాట ఒకటుంది. మాట్లాడేది ఇంటర్‌ప్రెటర్‌తో కాదు, మీతో. "బాబుకి అన్నం తినమని చెప్పండి" అని ఇంగ్లిష్‌లో ఇంటర్‌ప్రెటర్‌కి చెబితే వారు అదే మాట అలాగే సైగ చేస్తారు, చూడటానికి వింతగా ఉంటుంది. "తిన్నావా నాన్నా?" అని నేరుగా అడగాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడకూడదు. జవాబు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ ఖాళీలో "హలో, హలో" అంటే అదీ సైగ అవుతుంది.

ఇంటర్‌ప్రెటర్ సలహా ఇవ్వరు, పక్షం వహించరు, కాల్‌లో విన్నది బయట చెప్పరు. వారి సైగ మీకు అర్థం కాకపోతే మొహమాటపడకుండా ఇంకొకరిని అడగండి. ముఖ్యమైన కాల్ మధ్యలో అడగడం కంటే మొదట్లోనే అడగడం నయం.

10. బ్యాంకు, కస్టమర్ కేర్

"ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" మెనూ ఇంటర్‌ప్రెటర్ సైగ చేసేలోపే దాటిపోతుంది. కాల్ పెట్టకముందే "కస్టమర్ సర్వీసు, క్రెడిట్ కార్డు, మనిషితో మాట్లాడాలి" అని ఇంటర్‌ప్రెటర్‌కి చెప్పండి. వారు మెనూ తామే దాటించి మనిషి వచ్చాక మిమ్మల్ని పిలుస్తారు.

కొందరు ఉద్యోగులు "మూడో వ్యక్తితో మాట్లాడం" అని పెట్టేస్తారు. వ్యాపార సంస్థలు రిలే కాల్స్‌ని మామూలు కాల్స్ లాగే తీసుకోవాలని వికలాంగుల హక్కుల చట్టం కింద న్యాయశాఖ నియమం ఉంది. మళ్లీ చేసినప్పుడు మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "నేను బధిర వ్యక్తిని, ఖాతా నాదే, ఇది ఫెడరల్ రిలే కాల్. గుర్తింపు ప్రశ్నలకి జవాబు నేనే చెబుతాను." అప్పుడూ పెట్టేస్తే సూపర్‌వైజర్‌ని అడగండి.

ఆస్పత్రిలో డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు వీఆర్ఎస్ తెరవకండి. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే వీఆర్ఎస్ వాడటం నిషేధం, ఇంటర్‌ప్రెటర్ కాల్ ఆపేస్తారు. అక్కడ కావాల్సింది వీఆర్ఐ అనే వేరే సర్వీసు (ఒకే గదిలో ఉన్నవారికి వీడియోలో ఇంటర్‌ప్రెటర్), అదీ కాకపోతే గదిలోకే వచ్చే ఇంటర్‌ప్రెటర్. ఏర్పాటు, ఖర్చు ఆస్పత్రివే. అపాయింట్‌మెంట్ తీసుకునే రోజే అడగండి. పదేళ్ల పిల్లని మధ్యలో నిలబెట్టి అమ్మ జబ్బు గురించి చెప్పించడం ఆస్పత్రులు చేయకూడని పని, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప.

11. ఇండియాకి కాల్స్, ఇండియా ప్రయాణం

అమెరికాలో ఉండి 011 91 కొట్టి ఇండియా నంబర్‌కి వీఆర్ఎస్ కాల్ చేయవచ్చు. మీ ప్రొవైడర్ ఇస్తోందో లేదో ముందు అడగండి. అసలు చిక్కు భాషతో. గుంటూరులో అమ్మమ్మ తెలుగులో మాట్లాడితే ఇంటర్‌ప్రెటర్‌కి అర్థం కాదు. అటువైపు ఇంగ్లిష్ వచ్చిన మేనమామో పిన్నో అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోన్ స్పీకర్‌లో పెట్టాలి. అమ్మమ్మ మాట ఇంగ్లిష్ అయి, ఇంగ్లిష్ సైగ అవుతుంది. రెండు మలుపులు తిరిగిన మాట కాబట్టి చిన్న వాక్యాలే మాట్లాడమనండి. కబుర్లకైతే ఇంత హంగామా ఎందుకు, వాట్సాప్ వీడియోలో ఓ తెల్ల బోర్డు పట్టుకోవడం హాయి. ఆస్తి కాగితాలు, ఆస్పత్రి మాటలు లాంటి వాటికి మాత్రమే వీఆర్ఎస్.

సెలవులకి ఇండియా వెళ్లేవారు బయలుదేరకముందే ప్రొవైడర్‌కి తేదీలు, వెళ్లే చోటు నమోదు చేయించాలి. విదేశీ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి మొదలయ్యే రిలే కాల్స్‌కి టీఆర్ఎస్ ఫండ్ డబ్బు ఇవ్వదు. ముందుగా చెప్పి వెళ్లిన అమెరికా నివాసులకే, నిర్ణీత కాలానికే మినహాయింపు. హైదరాబాద్‌లో దిగాక గుర్తొస్తే ఆలస్యమైపోయినట్టే.

ఇదే నియమం ఇంట్లో కూర్చున్నవారినీ కొరుకుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉండి, అది హైదరాబాద్ సర్వర్ గుండా వెళ్తుంటే, న్యూజెర్సీలో ఉన్న మీరు ఇండియాలో ఉన్నట్టు కనిపిస్తారు. కాల్ మొదలవదు. వీఆర్ఎస్ సొంత ఫోన్‌లో వాడండి, లేదా వీపీఎన్ ఆపండి.

ఆఫీసులో వీడియోఫోన్ కావాలంటే ఐటీ వారితో మాట్లాడి ప్రొవైడర్ ఇచ్చే పోర్టులు, చిరునామాల జాబితా తెరిపించాలి. ఉమ్మడి పరికరం అయితే ఎవరి ఖాతాతో వారు లాగిన్ అవ్వాలి. సహోద్యోగి లాగిన్‌తో మీరు మాట్లాడేయకూడదు.

12. ప్రొవైడర్ మారాలనుకుంటే

పాత ఖాతా ముందే రద్దు చేయకండి. నంబర్ పోతుంది. కొత్త ప్రొవైడర్ దగ్గర దరఖాస్తు పెడితే వారే నంబర్ తెచ్చుకుంటారు. పాత చోట ఉన్న పేరు, చిరునామా కొత్త దరఖాస్తుతో అక్షరాలా సరిపోవాలి.

- వీడియో మెయిల్స్‌లో దాచుకోవాల్సినవి ముందే దాచుకోండి.
- కాంటాక్ట్స్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.
- పాత ప్రొవైడర్ ఇచ్చిన వీడియోఫోన్ కొత్త చోట పూర్తిగా పని చేయకపోవచ్చు. తిరిగి ఇవ్వాలేమో అడగండి.
- మారిన రోజు 911 చిరునామా మళ్లీ చూసుకోండి.
- మీరు అడగకుండానే ప్రొవైడర్ మారిపోతే అది నిషిద్ధం, ఫిర్యాదు చేయదగినది.

13. ఫిర్యాదు

తేదీ, సమయం, ఎవరికి కాల్, మొదట్లో ఇంటర్‌ప్రెటర్ చెప్పే గుర్తింపు నంబర్, ఏం జరిగింది: ఈ ఐదూ కాల్ అయిన వెంటనే రాసి పెట్టుకోండి. ముందు ప్రొవైడర్‌కి రాయండి. తేలకపోతే ఎఫ్‌సీసీకి ఏఎస్ఎల్‌లోనే చెప్పవచ్చు. అక్కడ సైగభాష వచ్చిన సిబ్బంది వీడియోలో నేరుగా మాట్లాడతారు, మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఉండరు. వీడియోఫోన్ నుంచి కొట్టాల్సిన నంబర్ 844-432-2275.